వాళ్లను బయట కూర్చోమన్నాక

మా విడాకుల గొడవ మూడు కోర్టుల్లో నడిచింది. ఆయన హైదరాబాద్‌లో విడాకులకు వేశారు. నేను మా వైపు భరణానికి వేశాను. డబ్బు తెమ్మని పెట్టిన వేధింపుల మీద నేనిచ్చిన ఫిర్యాదు 498ఎ కేసయి ఇంకో కోర్టుకెక్కింది. నేను తెనాలిలో టీచర్ని. హైదరాబాద్ వాయిదా అంటే ముందు రోజు రాత్రి పాపను అమ్మ పక్కన పడుకోబెట్టి రైలెక్కాలి. పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి, వెయిటింగ్ రూమ్‌లో మొహం కడుక్కుని, కోర్టు వరండాలో పేరు పిలిచేదాకా నిలబడాలి. పిలిచాక ఇంకో తేదీ చెప్పేవారు. కేసు మా జిల్లాకు మార్పించండి మేడమ్ అని మా లాయరుని అడిగాను. 2019 జనవరి 1న హైకోర్టులు వేరయ్యాయి కదా, తెలంగాణ కేసు ఆంధ్రకు రావాలంటే ఇప్పుడు సుప్రీంకోర్టుకే వెళ్లాలమ్మా అంది. ఢిల్లీ లాయరు ఖర్చు విన్నాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఇంతలో కరోనా వచ్చి ఆ వాయిదాలు కూడా ఆగిపోయాయి.

కోర్టుకు ముందే మా వాళ్లు పెద్దల్లో పెట్టారు. అటు వైపు నలుగురు, ఇటు వైపు నలుగురు, మధ్యలో కాఫీలు. పెళ్లికి ఎంత ఇచ్చారు, లాంఛనాలేం జరిగాయి, ఆడపడుచు కట్నం ఎవరు ఎగ్గొట్టారు... అంతా వాళ్లే మాట్లాడుకున్నారు. నేను లోపలి గదిలో ఉన్నాను. ఆయన హాల్లోనే ఉన్నా నోరు విప్పలేదు. చివరికి స్టాంపు పేపరు తెచ్చి విడాకులు రాసుకుందాం, కోర్టులెందుకు అన్నారు. మా వాళ్లలో అలాంటి ఆచారం లేదు. ఆ కాగితం చెల్లదని, దాన్ని నమ్ముకుని ఎవరు మళ్లీ పెళ్లి చేసుకున్నా చిక్కేనని లాయరు మేడమ్ తర్వాత చెప్పింది. పోలీస్ స్టేషన్‌లో కౌన్సెలింగ్ అన్నారు. అక్కడ విన్నది ఒకే ముక్క: సర్దుకుపో అమ్మా.

మీడియేషన్‌కు పంపుతున్నామని జడ్జిగారు అన్నప్పుడు ఇదీ ఆ బాపతే అనుకున్నాను. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చిన రోజు నుంచీ ముందు రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యతే. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తెలుగు జంట కేసులోనే ఇంకో అడుగు వేసి, ఇలాంటి తగాదాలను మీడియేషన్ కేంద్రాలకు పంపమని, 498ఎ కేసుల్లో కూడా రాజీకి వీలుంటే పంపమని చెప్పింది. ఆ జంటకు 1999లో పెళ్లయింది. వాళ్ల తగాదా తేలేసరికి దాదాపు పద్నాలుగేళ్లు పట్టింది. మా మేడమ్ ఇది చెప్పినప్పుడు పాప వయసు లెక్కేసుకున్నాను.

మీడియేషన్ గది కోర్టు ఆవరణలోనే ఉంది. బల్ల, కుర్చీలు, మూలన వాటర్ క్యాన్. మీడియేటర్ ఒక సీనియర్ లాయరమ్మ, మా ఇద్దరి కేసులతో ఏ సంబంధం లేని మనిషి. ముందుగా మా బాబాయిని, వాళ్ల మేనమామని బయట కూర్చోమంది. బాబాయికి మొహం మాడిపోయింది. "పెళ్లి చేసింది మేమండీ" అన్నాడు. "కాపురం చేసింది వీళ్లు కదండీ" అందావిడ. తలుపు వేశాక మాకు చెప్పింది: ఇక్కడ మీరన్నది నేను ఎక్కడా రాయను, జడ్జిగారికి చెప్పను, రేపు రాజీ కుదరకపోయినా ఇక్కడి మాటను కోర్టులో వాడకూడదు. కుదిరిందా లేదా అన్నంత వరకే నేను రిపోర్టు ఇస్తాను.

తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడింది. నన్ను మొదట అడిగింది డబ్బు గురించి కాదు. "ఆయన ఎదురుగా కూర్చోవాలంటే భయంగా ఉందా అమ్మా? కొట్టాడా ఎప్పుడైనా?" లేదన్నాను. ఉందని చెప్పే ఆడవాళ్లు చాలామందే ఉంటారు. అలాంటి వాళ్లను ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి రాజీ పడమనడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. భయపడే మనిషి దేనికైనా సరేనంటుంది.

కలిసి ఉండటం కుదరదని మొదటిసారే తేలిపోయింది. అదేం వింత కాదు, ఇద్దరికీ ఎప్పుడో తెలుసు. ముడి పడింది వేరే చోట. ఆయన విడాకుల పిటిషన్‌లో నాకు మతిస్థిమితం లేదని ఒక వాక్యం ఉంది. పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతికే దాన్ని. ఆ కాగితం ఎవరైనా చదివితే నా ఉద్యోగం ఏమవుతుంది? భరణం లెక్కల కన్నా ఎక్కువగా నన్ను నిద్రపోనివ్వంది ఆ వాక్యమే. వాయిదాల్లో దాని గురించి అడిగే వీలే రాలేదు. ఆ గదిలో అడిగాను. "మీరు నిజంగా అలా అనుకున్నారా?" ఆయన బల్ల మీద చేతులు చూసుకుంటూ, "లాయరు గారు పెట్టారు. పాయింటు కావాలన్నారు. నేను సంతకం పెట్టేశాను" అన్నారు. కోపం తగ్గలేదు గానీ, అప్పటి నుంచి మాట సాగింది. ఆ పిటిషన్ వెనక్కి తీసుకోవాలన్నది రాజీలో నా మొదటి షరతు.

బంగారం దగ్గర మళ్లీ ఆగింది. అమ్మ డైరీలో రాసిన జాబితా ఒకటి, వాళ్లు చెప్పేది ఒకటి. మీడియేటర్ పెళ్లి ఆల్బమ్ తెమ్మంది. పేజీ తిప్పుతూ నా మెడ మీద, చేతుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే అడిగింది: ఈ హారం ఎవరిది? ఈ గాజులు? వడ్డాణం అద్దెకు తెచ్చిందని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. హారం, నాలుగు గాజులు ఫ్లాట్ అడ్వాన్సుకు తాకట్టులో ఉన్నాయని అప్పుడు బయటపడింది. వాటి బదులు పెళ్లినాటి ధర కట్టి డబ్బు ఇస్తానన్నారు. బంగారం బంగారంగానే కావాలన్నాను. సవర్ల లెక్క రాసి, విడిపించి ఇవ్వడానికి గడువు పెట్టారు.

విసిగిపోయి ఒక దశలో, భరణమూ వద్దు ఏమీ వద్దు, పాపను నాకిస్తే చాలన్నాను. మీడియేటర్ పెన్ను కింద పెట్టింది. "నీ భరణం నువ్వు వదులుకుంటే అది నీ ఇష్టం. పాప హక్కు వదలడానికి నువ్వెవరివమ్మా?" ఆ మాటతో పాప పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్, స్కూలు ఫీజు ఆయన కట్టడం కాగితంలోకి వచ్చాయి. పాప నా దగ్గరే. వేసవి సెలవుల్లో సగం అక్కడ. సంక్రాంతి ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు అక్కడ. తీసుకెళ్లడం, దింపడం విజయవాడ స్టేషన్‌లో. రోజూ రాత్రి వీడియో కాల్, కాల్ నడుస్తుండగా పక్కన నిలబడి ఎవరూ మాటలు అందించకూడదు. ఈ చివరిది ఆయన అడిగారు. మా అమ్మ అలవాటు తెలిసే అడిగారు. ఒప్పుకున్నాను.

నాకిచ్చే డబ్బు మూడు దఫాలు: కొంత సంతకాల రోజు, కొంత 498ఎ రాజీ అయినప్పుడు, మిగతాది విడాకుల డిక్రీ రోజు డీడీగా. ముందే మొత్తం ఇస్తే నేను కేసు తీయనని వాళ్ల భయం, ముందే కేసు తీస్తే వాళ్లు డబ్బివ్వరని మా భయం. ఇద్దరికీ సరిపోయేలా అలా కుదిర్చారు. 2003లో మన రాష్ట్రం చేసిన సవరణ వల్ల అప్పటి సీఆర్‌పీసీ కింద ఆ కేసును కోర్టు అనుమతితో భార్య రాజీ చేసుకోవచ్చు, కానీ అడిగాక కనీసం మూడు నెలలు ఆగాలి. ఆగాం. పరస్పర అంగీకారంతో విడాకులకు మళ్లీ కలిసి వేశాం. మామూలుగా ఆరు నెలల గడువు ఉంటుంది. తగాదాలన్నీ నిజంగా తేలిపోయిన చోట కోర్టు దాన్ని తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మాకది పనికొచ్చింది.

కేసులేవీ వేయకముందే జిల్లా న్యాయ సేవా సదన్‌లో దరఖాస్తు పెడితే ఇలాగే కూర్చోబెడతారని, ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా ఉచితంగా లాయర్ని ఇస్తారని నాకు అన్నీ అయ్యాక తెలిసింది. పెద్దల్లో పెట్టినప్పుడు అక్కడున్న ఎనిమిది మందిలో ఒక్కరూ ఆ మాట అనలేదు.

అంతా సాఫీగా ఉందని చెప్పను. గాజులు గడువు దాటాకే వచ్చాయి, అదీ మా మేడమ్ నోటీసు ఇస్తానన్నాక. ఇప్పుడు పాపకు లెక్కల ట్యూషన్ పెట్టించాను. స్కూలు ఫీజు అని రాసుకున్నాం గానీ ట్యూషన్ సంగతి కాగితంలో లేదు. అడిగితే సగం ఇస్తానన్నారు. సగం చాలదన్నాను. ఇంకా తేలలేదు.