అంచు విఱిగిన ప్లేటు

మొన్నటి సంక్రాంతికి మా చిన్నవాడు హైదరాబాదునుండి వచ్చుచు, బట్టలపెట్టెతోబాటు, భోజనపు పళ్లెమంత వెడల్పుగల నల్లని రికార్డులను నాలుగింటిని, వానిని పాడించు యంత్రము నొకదానిని మోసికొని వచ్చెను. వేటపాలెము స్టేషనునుండి యింటివఱకు వానిని ఒడిలో పెట్టుకొనియే కూర్చుండెనట. లోకములోని పాటలన్నియు చేతిలోని ఫోనులో నిమిడియుండగా ఈ మోతబరు వేలరా యని మేమడిగితిమి.

“ఇవి రీఇష్యూలు పెద్దమ్మా. ఒకప్పుడు ఎవరూ కొనక మూలబడ్డ పాటల్ని వెతికి పట్టుకొని మళ్లీ వేస్తున్నారు” అని వాడు చెప్పెను.

మేమిరువురము తోడికోడండ్రము. ఈ యింట కాపురమునకు వచ్చి యేబదియేండ్లు కావచ్చినది. పుస్తకముల పునర్ముద్రణ యనిన మాకు తెలియును. 1918లో స్థాపింపబడి, 1929లో గాంధీగారు కొత్త భవనమునకు శంకుస్థాపన చేసిన సారస్వతనికేతనము మా యూరిలోనిదే గదా. మఱెక్కడను దొరకని పాత పత్రికల కొఱకు దూరదేశములనుండి వచ్చి, ఆ దుమ్ములో దినముల తరబడి కూర్చుండువారిని మేము చూచియున్నాము. కాని పాటకును పునర్ముద్రణ యుండునని, దానికొఱకు పడుచువాండ్రు జీతములు ఖర్చు పెట్టుదురని మాకు తెలియదు.

ఆ రాత్రి వంటయిల్లు సర్దుకొని వసారాలో కూర్చుంటిమి. మా అత్తగారికి తొంబదియేండ్లు. పడకకుర్చీలో చేరగిలబడి, “వెయ్యరా, విందాం” అనిరి.

వాడు మొదట వేసినది బొంబాయి సినిమా వాద్యబృందములలో పనిచేసిన చరణ్‌జిత్ సింగు అను నాయన 1982లో చేసిన రికార్డు. ఆయన హిందూస్తానీ రాగములు పదింటిని తీసికొని, జపానువారి సింథసైజరు, బాసు వాయించు చిన్నపెట్టె, తాళము వేయు మఱియొక పెట్టె, ఈ మూడింటిపై వాయించెను. మనుష్యుడు కొట్టు తబలా అందులో లేదు. విద్యుత్తుచేతనే నడచు తాళము ఆగక, తొట్రుపడక, ఒక్క తీరున సాగిపోవుచుండును. అప్పుడు దానిని కొన్నవారు అరుదు. ఇరువదియేండ్ల తరువాత, 2002లో, హాలెండు దేశస్థుడొకడు ఢిల్లీలో ఒక దుకాణమున దాని ప్రతి నొకదానిని చూచి కొని, ఇంటికి పోయి విని నివ్వెఱపోయెనట. అమెరికాలో షికాగో పట్టణపు కుఱ్ఱవాండ్రు 1980 దశకము చివర క్రొత్తగా కనిపెట్టితిమనుకొన్న నాట్యసంగీతము అచ్చముగా అట్లే యుండెనని, అది వారికంటె ముందే బొంబాయిలో పుట్టియున్నదని లోకమునకు అప్పుడు తెలిసినది. 2010లో దానిని మరల అచ్చువేసిరి. ఆయన 2015 వఱకు జీవించి యుండుటచే ఆ ముచ్చట కన్నులార చూచెను. అట్టి భాగ్యము ఎందఱికి కలుగును!

ఆ భూపాళి వినినప్పుడు మాకొక సందేహము కలిగినది. మన భూపాళము వేఱు. వారి భూపాళి మన మోహనమే. అత్తగారు రెండు నిమిషములు విని, “మోహనేగా” యని తేల్చివేసిరి. మఱి కొంతసేపటికి నవ్వి, “మగ్గం ఆడుతున్నట్టుందిరా” అనిరి. నిజమే. ఈ యూరిలో తెల్లవాఱకమున్నే గుంటమగ్గములలో నాడె అటునిటు పోవు చప్పుడు వినుచు పెరిగిన చెవులకు ఆ యంత్రపు తాళము కొత్తగా తోచదు. మాకు మాత్రము ఆ రికార్డులో కొంత విసుగు పుట్టినదని దాచక చెప్పుచున్నాము. రాగము ఊపిరి తీయవలసిన చోట యంత్రము ఊపిరి తీయదు.

రెండవ రికార్డు మమ్ము వేఱొక తీరున పట్టుకొన్నది. 1970 దశకము చివర ఇంగ్లండులో పడుచువాండ్రు కొందఱు, పెద్ద కంపెనీల గడప తొక్కక, అప్పోసొప్పో చేసి తమ పాటలను తామే రికార్డు చేసికొన మొదలుపెట్టిరి. మాంచెస్టరులో బజ్‌కాక్స్ అను వారు స్నేహితులవద్దను, ఇంటివారివద్దను 500 పౌనులు అప్పుచేసి, 1977లో వేయి ప్రతులు వేయించిరి. ఆ త్రోవను పట్టి వచ్చినవారి సంగీతమునకే పోస్ట్‌పంక్ అని పేరు. మా వాడు తెచ్చినది అందులో నలుగురు స్త్రీలు 1979లో వెలువరించిన రికార్డు. వారి బృందము పేరు రెయిన్‌కోట్స్. వానకోటును పేరుగా పెట్టుకొనిన గాయనులను మేము మునుపెన్నడును వినలేదు. పాట విన్నంతసేపును శ్రుతి కలిసీకలియనట్లుండును. ఒకామె ఫిడేలు గీచుచుండును. ఒకరు పాడుచుండగా వేఱొకరు మధ్యలో వచ్చి చేరుదురు. మేము ముగ్గురము పేరంటమునకు పోయి హారతిపాట ఎత్తుకొన్నట్లే యున్నదని మాలో చిన్నది అనినది. నేర్చినవారివలె పాడవలెనను తాపత్రయము వారికి లేదు. పాడవలెనని పాడిరి, అంతే.

కొన్నియేండ్లకు ఆ రికార్డును అందఱును మఱచిరి. అమెరికాలో నిర్వాణ యను బృందమునకు గాయకుడైన కర్ట్ కొబేన్ 1992లో లండనుకు వచ్చి దానికొఱకు వెదకగా, దుకాణమువారు ఆ ప్రక్కనే యున్న పాతవస్తువుల అంగడికి పొమ్మనిరట. ఆ అంగడిలో పనిచేయుచున్నామె ఆ నలుగురిలో నొకతెయగు ఆనా డా సిల్వా. తన పాట నెవరో సముద్రము దాటివచ్చి అడుగుదురని పాతసామానుల నడుమ కూర్చున్న ఆమె అనుకొనియుండునా? తరువాత ఆమె అతనికొక ప్రతిని పంపినది. అతడు దానిని గూర్చి వ్రాసెను. మఱుసటి యేడు ఆ రికార్డు అతని ముందుమాటతో మరల వెలువడెను.

పాతసామానుల అంగడి యనుమాట వినబడగానే మేమిరువురము ఒకరి మొగము నొకరు చూచుకొంటిమి.

మా మామగారు పాటలన్న ప్రాణమిచ్చువారు. ఇత్తడి బాకాగల గ్రామఫోను పెట్టె, సుమారు నలువది ప్లేట్లు ఈ వసారాలోనే యుండెడివి. నాటకపద్యములు, హరికథలు, హాస్యసంభాషణలు, హెచ్చెమ్వీ, కొలంబియా, ఓడియన్ వారివి. వారు గతించిన మఱుసటి యేడు, 1978లో, అత్తగారు తిరుపతికి పోయియున్నప్పుడు, పాతసామాను వాడు వీధిలో కేక వేసెను. పెట్టె స్ప్రింగు తెగి అప్పటికే పాడుట మానినది. అందఱి యిండ్లలోను స్టీలు సామాను మెఱయుచున్న దినములవి. మేము పెట్టెను, ప్లేట్లను ఇచ్చి ఒక స్టీలు బిందె తీసికొంటిమి. మంచి బేరము చేసితిమని నాలుగిండ్లవారికి చెప్పుకొంటిమి గూడ. అత్తగారు తిరిగివచ్చి, మాకు ప్రసాదము పెట్టి, ఖాళీయైన మూలను చూచి, ఏమియు ననక లోపలికి పోయిరి. ఈ నలువదియేండ్లకు పైబడిన కాలములో ఒక్కనాడును ఆ మాట ఎత్తలేదు. ఆ బిందె నేటికిని మా యింట నున్నది, సొట్టయైనను పడలేదు.

ఆ కథ మేము పిల్లవానికి చెప్పుచుండగా అత్తగారు మెల్లగా లేచి, తమ భోషాణము తెఱపించి, అడుగున పట్టుచీరల మడతలలోనుండి గుడ్డచుట్టిన ప్లేటు నొకదానిని తీయించిరి. మాకది యున్నదనియే తెలియదు!

“ఇది మీ మామగారిది కాదు, మా నాన్నది. బాపట్లనుంచి నాతో తెచ్చుకున్నాను” అనిరి.

నడిమి కాగితమును పురుగు కొఱికివేసినది. గాయని పేరు లేదు, కంపెనీ పేరు లేదు, సంఖ్యలో రెండంకెలు మాత్రము మిగిలినవి. అంచున బొటనవ్రేలి గోరంత పెచ్చు ఊడిపోయినది. ఈ పాతప్లేట్లు ఇప్పటివానివలె ప్లాస్టిక్కు కావు. మోదుగ, రేగు మొదలగు చెట్లపై పురుగు పెట్టు లక్కయే వీనికి మూలము. గాజులకును, పిల్లల లక్కపిడతలకును పూసెడి లక్కనే రాతిపొడితోను మసితోను కలిపి, వేడిమీద అచ్చొత్తి చేసిరి. అందుచేతనే చేయి జాఱిన పెంకువలె పగులును, ఎండలో పెట్టిన అప్పడమువలె వంగును. నిమిషమునకు 78 చుట్లు తిరుగుచు, ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషములు పాడును.

పిల్లవాని యంత్రమునకు 78 చుట్ల మీట యున్నది గాని ముల్లు సరిపడలేదు. పాతప్లేటు గాడి క్రొత్తదానికంటె సుమారు మూడింతల వెడల్పట. సన్నముల్లు దాని అడుగున పడి దొర్లి బరబరలాడును. వాడు హైదరాబాదునకు పోయి, తగిన ముల్లు తెప్పించుకొని, శివరాత్రికి మరల వచ్చెను. ఆ నడిమి దినములలో అత్తగారు రెండుమార్లు, “వాడు వస్తానన్నది ఎప్పుడే అమ్మాయ్?” అని మమ్మడిగిరి. ఆమె దేనిని గూర్చియు రెండుమార్లడుగు మనిషి కారు.

ఆ నడుమనే ఆమె మాకు కొంత చెప్పిరి. బాల్యమున బాపట్లలో తండ్రిగారు స్నేహితులతో ముందరిగదిలో కూర్చుండి ప్లేట్లు వేయించుచుండగా, ఆడువారు తలుపు వెనుక నిలువబడి వినెడివారు. ఆ యూరివాడే యగు స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషముతో ఆంధ్రదేశము నంతను మురిపించుచున్న రోజులవి. మగవాడు ఆడువేషము వేసికొని పాడిన మెచ్చుకొందురు. ఇంటి ఆడుపిల్ల పాడిన మాత్రము తప్పు! ప్లేట్లమీద పాడు స్త్రీలలో పలువురు కళావంతుల యిండ్లవారు. 1902లో కలకత్తాలో మన దేశపు మొదటి రికార్డులకు పాడిన గౌహర్‌జాన్ మొదలు అదియే వరుస. వారి పాట వినవచ్చును, వారివలె పాడగూడదు. మా అత్తగారు ఈ ప్లేటులోని కృష్ణుని మేలుకొలుపును తలుపు వెనుకనే నేర్చి, ఒకనాడు వంటయింట కూనిరాగము తీయగా తండ్రిగారు విని కోపించిరట. పెండ్లినాడు మాత్రము ఆయనయే ఆ ప్లేటును తెచ్చి ఆమె పెట్టెలో పెట్టిరట. ఎందులకో ఆయన చెప్పలేదు, ఆమె అడుగలేదు.

శివరాత్రి మఱునాడు ప్లేటును శుభ్రపఱచితిమి. ఇట్టి ప్లేట్లున్న సోదరీమణులకు ఇచ్చట ఒకమాట. స్పిరిటుగాని, స్పిరిటు కలిసిన ఏ మందుగాని తగులనీయరాదు, లక్క కరగిపోవును. కొంచెము సబ్బునీటిలో పిండిన మెత్తని నూలుగుడ్డతో, నడిమి కాగితము తడియకుండ, గాడివెంబడి తుడిచి, నీడను ఆఱబెట్టవలెను. ఒకదానిపై నొకటి పేర్చక, పుస్తకములవలె నిలువుగా నుంచవలెను.

ముల్లు పెట్టగానే చిక్కు వచ్చినది. పాట అంచునుండి గదా మొదలగును. పెచ్చు ఊడినచోట మొదటి ఇరువది సెకండ్లు లేవు. పల్లవి పోయినది! పిల్లవాడు పెచ్చు దాటి ముల్లు దింపినచో పాట నడుమనుండి వినబడుచున్నది. వాడు దిగులుపడి, “మొదలు లేదు నాయనమ్మా” అనెను.

“నాకొచ్చుగా” అని ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుండి పల్లవి ఎత్తుకొనిరి. మేమీ యింట యేబదియేండ్లు కాపురము చేసియు ఆమె కంఠమెత్తి పాడగా వినలేదు. పేరంటములలో గూడ ఆమె పసుపు కుంకుమలు పంచుచు తిరుగుటయే గాని పాడుట యెఱుగము. కంఠము వణకినది, ఊపిరి చాలలేదు, శ్రుతి మాత్రము తప్పలేదు. పిల్లవాడు సమయము చూచి ముల్లు దింపెను. ఆమె ఆపినచోట ప్లేటులోని యామె అందుకొన్నది. తిరుగుచుట్టు కొక్కసారి టిక్కుమను చప్పుడు, వెనుక హార్మోనియము, ఎవరో తెలియని ఆ స్త్రీ కంఠము. వాడు రెండింటిని కలిపి ఫోనులోనికి ఎక్కించెను.

ఇప్పుడు కంపెనీవారు పాతపాటలను తిరిగి వెలువరించుట లేదని కాదు. హెచ్చెమ్వీవారు 2000లో సరిగమ యని పేరు మార్చుకొని, 2017 నుండి కారవాను అను చిన్నపెట్టెలో పాతపాటలను వేలకొలదిగా నింపి అమ్ముచున్నారు. పిల్లవాడు అత్తగారికి అదియు నొకటి కొనియిచ్చెను. ఘంటసాలవారికి కొదవ లేదు. వారు 1974లో గతించిన పిమ్మట వెలువడిన భగవద్గీత నేటికిని ఇంటింట మ్రోగుచున్నది. అమ్ముడుపోవునని తెలిసినది మరల వచ్చును. పేరైనను మిగులని గాయని ఎవరికి గుర్తుండును? మదరాసులో వి.ఏ.కె. రంగారావుగారివంటివారు పాతప్లేట్లను వేలకొలది కూర్చిరి. మేము బిందెకిచ్చిన నలువదిలో అట్టివారికి దొరకనిది ఒక్కటైనను ఉండెనేమో! తలచుకొన్నప్పుడెల్ల ఆ బిందెడు నీళ్లు బరువుగా తోచును.

మేలుకొలుపు ముగిసిన తరువాత అత్తగారు, “రెండోవైపు వెయ్యి” అనిరి. అటువైపున తులసిని గూర్చిన పాట. ఆ కంఠమే, తబలా కొంచెము బిగువుగా నున్నది. పెచ్చు రెండువైపులను ఊడినది గనుక దీనికిని మొదలు లేదు. పల్లవి ఎట్లుండెనో అత్తగారికిని జ్ఞాపకము రాలేదు. తండ్రిగారు ఆ వైపు వేయగానే వంటయింటికి రమ్మని తల్లిగారు పిలిచెడివారట. చరణములు మూడును చక్కగా వినబడుచున్నవి. పాత ప్లేట్లున్నవారుగాని, తలుపు వెనుక నిలిచి విన్న పెద్దలుగాని మీ యిండ్లలో నున్నచో అడిగి చూడుడు. పిల్లవాడు ఉగాదికి మరల వచ్చును; యంత్రము మా వసారాలోనే యున్నది.