అరవై నాలుగుకి ముందుది

పెన్సిల్వేనియా వచ్చిన కొత్తలో, నవంబరు చివర ఒక సోమవారం ఆఫీసు సగం ఖాళీగా కనిపిస్తే నాకు అర్థం కాలేదు. థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం జింకల వేట మొదలవుతుందనీ, చాలా బడులకి సెలవు కూడా ఇస్తారనీ చెప్పింది మా ఎదురింటి పెద్దాయన. 2019లో దాన్ని శనివారానికి మార్చారు. ఆయన మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదనుకోండి. నన్ను అడవికి తీసుకెళ్ళిందీ, గాలి ఎటు వీస్తోందో చూడమని నేర్పిందీ ఆయనే. పోయే ముందు ఏడాది తన వించెస్టర్ రైఫిల్ నాకిచ్చాడు. ఊరికే తీసుకోనంటే వంద డాలర్లు పుచ్చుకున్నాడు.

అది మోడల్ 70. కంపెనీ 1936లో మొదలుపెట్టిన రకం. తూటాని వెనకవైపు పట్టుకుని గొట్టంలోకి నడిపించే ఉక్కు గోరు ఒకటి ఉంటుంది అందులో. 1964లో ఖర్చు తగ్గించుకోడానికి ఆ గోరు తీసేశారు, చెక్క మీద కోసి తీర్చే గళ్ళ బదులు అచ్చు గుద్దడం మొదలెట్టారు. అప్పట్నుంచీ "అరవై నాలుగుకి ముందుది" అనేటప్పుడు ఇక్కడి వేటగాళ్ళకి, పాత గద్వాల చీర గురించి మాట్లాడేప్పుడు మా అమ్మకొచ్చే గొంతు వస్తుంది.

చిక్కల్లా నా కుడి భుజంతో. ఆపరేషనయ్యాక ఆ రైఫిల్ తన్నుకి తట్టుకోలేకపోతున్నాను. భుజానికి ఆనే చోట ఉన్నది ఉక్కు పలక. రబ్బరు మెత్త వేయించాలంటే చెక్క కోయాలి, కోస్తే విలువ పోతుంది. కిందటేడు ట్రిగ్గర్ నొక్కే ముందే నా కళ్ళు మూతపడ్డాయి. గుండు కిందికి తగిలింది. చీకటి పడేదాకా నెత్తురు చుక్కలు చూసుకుంటూ వెళ్ళాను, ఒక వాగు దగ్గర అవీ ఆగిపోయాయి. జింక దొరకలేదు.

దుకాణంలో ఫిన్లండ్‌లో చేసిన టిక్కా ఒకటి చూశాను, 6.5 క్రీడ్‌మోర్. తుపాకి తేలికైతే ఎక్కువ తన్నాలి నిజానికి, కానీ దీని తూటాలో మందు తక్కువ, గుండూ చిన్నది. పాతది అమ్మితే ఇది వచ్చి ఇంకా మిగుల్తుంది. దుకాణదారు నా రైఫిల్‌ని దీపం కింద తిప్పి చూసి, ముందు చెక్క మీద వేలు పెట్టాడు. "ఈ గీతకి కొంత తగ్గించాలి." అది పెద్దాయన పెళ్ళి ఉంగరం ఏళ్ళ తరబడి రాసుకుని పడ్డ గీత. ఆలోచించి చెప్తానని ఇంటికొచ్చేశాను.

"జింక దొరక్క తిరిగొచ్చిన రాత్రి మీరు అన్నం ముట్టలేదు, గుర్తుందా?" అంది మా ఆవిడ. అంతకు మించి ఏమీ అనలేదు.

మనసాగక పెద్దాయన కూతురికి ఫోన్ చేశాను. కావాలంటే మీరే ఉంచుకోండి అన్నాను. ఆవిడ నవ్వింది. "అది కొనడానికే మా నాన్న వాళ్ళ నాన్న తుపాకి అమ్మేశాడు. మా నానమ్మ నెల్లాళ్ళు మాట్లాడలేదట." ఆయన నాకీ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. కాసేపు కోపం కూడా వచ్చింది.

శనివారం వెళ్తున్నాను. తోలు పట్టీ ఉన్నా లేకపోయినా ధర ఒకటేనట. విప్పి, గరాజ్‌లో మేకుకి తగిలించాను.