తూటా అడుగున ఉన్న అక్షరాలు

మా కొండల్లో పాత తూటా గొట్టం దొరికిందంటే, ఒకప్పుడు అక్కడికి బయటి మనిషి తుపాకి పట్టుకొని వచ్చాడని అర్థం. మా కొండరెడ్ల ఇళ్లలో పూర్వం ఉన్నవి విల్లంబులు, అక్కడక్కడ నాటు తుపాకులు. నాటు తుపాకికి ముందు నుంచే మందు పోసి, పీచు కుక్కి, రవ్వలు వేసి చువ్వతో దట్టిస్తారు. పేలాక కింద పడేదేమీ ఉండదు. నడుమకు విరిచి తూటా పెట్టే జోడు గొట్టాల తుపాకి దొరలది, జమీందార్లది, లైసెన్సున్న ఉద్యోగులది. వాళ్లు కాల్చి పారేసిన గొట్టాలు మా నేలలో మిగిలిపోయాయి.

పోడు గొప్పు తవ్వేటప్పుడు, వాగు ఒడ్డున, చింతచెట్ల మొదట్లో ఇప్పటికీ అవి బయటపడుతుంటాయి. పిల్లలు బడికి తెస్తారు. ఈమధ్య పాత నాణేలు, ఇత్తడి సామాన్లు కొనే బేరగాళ్లు కూడా వీటి కోసం అడుగుతున్నారు. యాభై రూపాయలు చేతిలో పెట్టి పట్టుకుపోతున్నారు. అదేమిటో తెలుసుకోకుండా ఇచ్చేయడం మాకు నచ్చలేదు. అందుకే మా పిల్లలతో కలిసి వాటిని చదవడం నేర్చుకున్నాం.

ముందుగా ఒక హెచ్చరిక చెప్పి మిగతా సంగతికి వస్తాం. తూటా అడుగున నడుమ చిన్న గుండ్రటి టోపీ ఉంటుంది. దాని మీద సూది పోటు లాంటి సొట్ట ఉండి, ముందు మూతి తెరుచుకొని ఉంటే అది కాల్చినది. మూతి మూసి ఉంటే, చేతికి బరువుగా ఉంటే, సొట్ట ఉన్నా లేకపోయినా దాన్ని ముట్టకూడదు. సొట్ట ఉండి మూతి మూసి ఉందంటే గుర్రం కొట్టినా పేలలేదని. అది మరీ ప్రమాదం. నూరేళ్ల నాటి మందు చచ్చిపోయి ఉంటుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. కొట్టడం, విప్పడం, పొయ్యి దగ్గర ఆరబెట్టడం చేయొద్దు. అక్కడే ఉంచి, చోటు గుర్తుపెట్టుకొని, ఊరి పెద్దల్ని, పంచాయతీ వాళ్లని వెంటపెట్టుకొని పోలీసులకు చెప్పాలి. కుర్రవాళ్లు ఒంటరిగా జేబులో వేసుకొని స్టేషనుకు పోవద్దు. ఏజెన్సీలో కుర్రవాడి జేబులో తూటా కనిపిస్తే మొదట ఏ ప్రశ్న వస్తుందో మన అందరికీ తెలిసిందే.

ఇక చదవడం. కొండల్లో వానకు, చెదలకు కాగితం నిలవదు. పాత తూటా గొట్టం చాలామట్టుకు కాగితంతో చుట్టినదే కాబట్టి మనకు దొరికేది అడుగున ఉండే ఇత్తడి మూత ఒక్కటే. పన్నెండు బోరుదైతే ఇప్పటి రూపాయి బిళ్ల కంటే ఒక వీసమంత పెద్దది. కాగితం తేమకు ఉబ్బి తుపాకిలో ఇరుక్కుంటుందని కొందరు నిలువెల్లా ఇత్తడి తూటాలే వాడేవారు. అవి దొరికితే నిండు గొట్టంగా దొరుకుతాయి. గొట్టం పైకి వచ్చేసరికి సన్నబడి సీసా మెడలా ఉంటే అది వేట తుపాకిది కాదు, రైఫిలుది. పోలీసులది, సైన్యానిది అయిన రైఫిలు తూటా అడుగున తయారైన సంవత్సరం కూడా అంకెల్లో ఉండటం మామూలు. వేట తూటాల మీద సంవత్సరం సాధారణంగా ఉండదు. అందుకే వాటి వయసు అక్షరాలను బట్టి కట్టాలి.

అక్షరాల్లో మొదట చూడాల్సింది బోరు అంకె. ఈ లెక్క మా అయిదో తరగతి పిల్లలకు భలే నచ్చింది. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, ఆ గుండు లావే పన్నెండు బోరు తుపాకి గొట్టం లావు. పదహారు చేస్తే పదహారు బోరు. అంటే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం. పౌను సుమారు 454 గ్రాములు. దాన్ని పన్నెండుతో భాగించమంటే గుండు 38 గ్రాములని పిల్లలే చెప్పారు. భాగహారం నేర్పడానికి ఇంతకంటే మంచి లెక్క పాఠ్యపుస్తకంలో మాకు కనబడలేదు.

తర్వాత కంపెనీ పేరు. ఎక్కువగా కనిపించేవి ఎలీ, కైనాక్. ఎలీది లండన్, కైనాక్‌ది బర్మింగ్‌హామ్. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918లో ఈ రెండూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి, 1926లో ఐ.సి.ఐ. అనే పెద్ద కంపెనీలో కలిసిపోయాయి. కాబట్టి రెండు పేర్లూ జంటగా ఉండి ఐ.సి.ఐ. అని కూడా ఉంటే అది 1926 తర్వాతిదే. నైట్రో అన్న మాట ఉంటే లోపల పోసింది నల్ల మందు కాదు, పొగ రాని మందు. కె.ఎఫ్. అంటే పుణె దగ్గరి ఖడ్కీలోని ప్రభుత్వ కర్మాగారం. శక్తిమాన్ పేరుతో వచ్చిన పన్నెండు బోరు తూటాలు అక్కడివే. గొట్టం ప్లాస్టిక్‌దైతే అది 1960కి ముందుది కాదు. పక్క నుంచి చిన్న మేకు పొడుచుకొచ్చి ఉంటే మాత్రం చాలా పాతది. 1830లలో ఫ్రాన్సులో లెఫోషో మొదలుపెట్టిన పద్ధతి అది. అలాంటిది మాకింకా దొరకలేదు.

వెల సంగతి. తూటాలు సేకరించేవాళ్లు కాగితం రంగు, దాని మీది అచ్చు, అమ్మిన దుకాణం పేరు, విడిపోని పెట్టె, ఇవి చూస్తారు. కలకత్తా రోడా కంపెనీ, మద్రాసు పి. ఆర్ అండ్ సన్స్ తుపాకులు అమ్మిన దుకాణాలే. ఇలాంటి పేరు చదవడానికి వీలుగా ఉంటే ధర మారుతుంది. రవ్వ ఏ సైజో చెప్పే అంకె మూతి మీది అట్టబిళ్ల మీద ఉంటుంది. పేలితే ఆ బిళ్ల ఎగిరిపోతుంది. అందుకే కాల్చనిదానికే గిరాకీ ఎక్కువ. మన పిల్లల్ని జైలుకు పంపేది కూడా అదే. లైసెన్సు లేకుండా తూటా ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఆ చట్టంలో తూటా అన్న మాటకు దాని భాగాలు కూడా లెక్కలోకి వస్తాయి. వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకు 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది నిజమే, కానీ ఆ సెక్షన్‌ను మన తరఫున గుర్తుచేసే మనిషి ఒకడు పక్కన ఉండాలి కదా! అందుకే కొనడం, అమ్మడం వద్దంటాం.

నిజం చెప్పాలంటే కాగితం పోయిన ఇత్తడి మూతకు ఏ సేకర్తా పెద్ద ధర ఇవ్వడు. బేరగాడి యాభై మరీ మోసమేమీ కాదు. అతను పట్టుకుపోయేది ఇత్తడి కాదు, అది దొరికిన చోటు. సంచిలో పడ్డాక అది ఏ కొండదో చెప్పేవాడుండడు. మన దగ్గర ఉన్నంతసేపు ఆ చోటుకు ఒక కథ ఉంటుంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవిలో మన వేట మీద ఆంక్షలు పడ్డాయి. అనుమతి పొందిన దొరలు మాత్రం వచ్చి కాల్చుకున్నారు. వాళ్ల కోసం డప్పులు కొట్టి, కేకలు వేసి జంతువును తోలింది మా తాతలే. దొర కొట్టిన కణుజు కొమ్ములు ఏ బంగళా గోడకో ఎక్కాయి. మా ఇళ్లకు వచ్చింది ఖాళీ గొట్టాలు. వాటిలో పొగాకు సున్నం పెట్టుకున్నారు, సూదులు దాచుకున్నారు, పెదవికి ఆనించి ఊది మేకల్ని పిలిచారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక దొరల వేటా పోయింది, తోలే పనీ పోయింది.

అందుకని బడిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. కాల్చిన ఖాళీ మూతలను మాత్రమే, పెద్దలకు చెప్పి, ప్రధానోపాధ్యాయుల దస్త్రంలో రాసి ఉంచుతాం. చింతపండు పెట్టి తోమనివ్వం. తోమితే అక్షరాలు అరిగిపోతాయి. తడిబట్టతో మట్టి తుడిచి, మైదా పిండి చల్లితే అక్షరాలు తెల్లగా తేలతాయి. పక్కన ఒక చీటీ పెడతాం. చీటీ పిల్లలే రాస్తారు, వాళ్ల మాటల్లోనే. ఏడో తరగతి అమ్మాయి రాసినది ఇది:

"ఎలీ, పన్నెండు. మా పోడులో పెద్ద బండ కింద దొరికింది. ఆ బండ మీద దొర కూర్చునేవాడని నాయనమ్మ చెప్పింది. మా ముత్తాత కింద నుంచి తోలేవాడంట. జంతువు: కణుజు. కూలి ఎంతని అడిగాను. ఉప్పు ఇచ్చారంట."