కాగితం మీది మూడేళ్ళు

మైత్రీవనం ముందు నిలబడి తలెత్తినవారికి ఆకాశం కన్నా బోర్డులే ఎక్కువగా కనిపిస్తాయి. జావా, ఒరాకిల్, శాప్, టెస్టింగ్... కాలంతో పాటు పేర్లు మారతాయి కాని గోడ మాత్రం ఖాళీగా ఉండదు. ఆ భవనంలోనూ, పక్కనున్న ఆదిత్య ఎన్‌క్లేవ్‌లోనూ కొద్దిపాటి రుసుముతో విద్య నేర్చి దేశవిదేశాలలో స్థిరపడిన తెలుగు యువకులు ఎందరో. హాస్టలు గదిలో నలుగురైదుగురు సర్దుకుని రాత్రంతా చదివే ఆ పిల్లల కష్టం పట్ల మాకు గౌరవమే ఉంది. ఇప్పుడు ప్రస్తావించదలచినది ఆ చదువు నీడలో పెరిగిన మరొక వ్యాపారాన్ని.

మా ఆపా కుమారుడు బీటెక్ పూర్తిచేసి రెండేళ్ళు ఖాళీగా గడిపి, అక్కడే ఆరు నెలలు టెస్టింగ్ నేర్చుకున్నాడు. ఒకనాడు ఫోను చేశాడు. "మామూ, మూడేళ్ళ అనుభవం పెట్టిస్తామంటున్నారు. ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ వాళ్ళే ఇస్తారట. కంపెనీవాళ్ళు ఫోను చేస్తే జవాబు కూడా వాళ్ళే చెబుతారట. డబ్బు సంగతి అబ్బాతో మీరే మాట్లాడాలి" అన్నాడు. గొంతులో సిగ్గు ఉంది. ఆశ అంతకన్నా ఎక్కువగా ఉంది. దూల్హాభాయ్ అప్పటికే అతని చదువుకు చేసిన అప్పు తీరుస్తున్నారు.

ఉద్యోగార్థుల పత్రాలను సరిచూడటమే మా వృత్తి. అందుకని ముందుగా ధర్మం మాట కాక, పట్టుబడే తీరు చెప్పాము. 2014 నుంచి భవిష్యనిధి సభ్యులకు యూఏఎన్ అనే ఒకే సంఖ్య ఉంటున్నది. ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు వైదొలగారో ఆ ఖాతాయే చెబుతుంది. "మాది చిన్న సంస్థ, పీఎఫ్ లేదు" అనే జవాబు తరచుగా వస్తుంది. ఇరవైమందికి లోపు సిబ్బంది ఉన్నచోట అది నిజమూ కావచ్చు. అప్పుడు బ్యాంకు ఖాతాలో జీతం జమలను, ఫారం 26ఏఎస్‌లో పన్ను వివరాలను అడుగుతాము. లేఖ మీద అచ్చువేసిన నంబరుకు మేము ఫోను చేయము. సంస్థ చిరునామాను వేరుగా వెదికి మనిషిని పంపుతాము. డిగ్రీ విషయంలో అభ్యర్థి చేతిలోని కాగితం కన్నా, విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం మాటకు, డిజిలాకర్‌లోని పత్రానికి విలువనిస్తాము. ఇక కెమెరా ముందు పెదవులు ఒకరివి, గొంతు వేరొకరిది అయిన ఇంటర్వ్యూల సంగతి చెబితే నవ్వు వస్తుంది, తరువాత దిగులు వేస్తుంది.

అయితే కాగితాలన్నింటికన్నా మాకు ఉపకరించేది ఒక చిన్న ప్రశ్న: "మీరు పట్టుకున్న ఒక లోపాన్ని అది లోపమే కాదని ఎవరైనా వాదించారా?" నిజంగా పనిచేసినవాడు ఆ పాత గొడవ గుర్తుకువచ్చి కొంచెం చిరాకు పడతాడు. కంఠస్థం చేసినవాడు నునుపుగా జవాబిస్తాడు.

తప్పంతా పిల్లలదే అనడం న్యాయం కాదు. మూడు నెలల్లో నేర్పగల పనికి మూడేళ్ళ అనుభవం అడిగే సంస్థలే ఈ వ్యాపారానికి గిరాకీ కల్పిస్తున్నాయి. పట్టుబడినప్పుడు మాత్రం కాగితం అమ్మినవాడు బోర్డు మార్చుకుంటాడు, సంతకం చేసిన పిల్లవాడు మిగులుతాడు. మోసం కోసం పత్రాలు సృష్టించడానికి పాత శిక్షాస్మృతి 468వ సెక్షను ఏడేళ్ళ వరకు జైలు చెప్పింది. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా దానిని నేరంగానే ఉంచింది. అమెరికా అధికారులు తామే నెలకొల్పిన ఫార్మింగ్‌టన్ అనే బూటకపు విశ్వవిద్యాలయం వలలో 2019 జనవరిలో చిక్కిన వారిలో తెలుగు విద్యార్థులు పెక్కుమంది ఉన్నారు. తరగతులే లేని చదువును కాగితం మీద చూపి పనిచేసుకోవచ్చునని వారికి నచ్చజెప్పినవారు దళారులు.

"అందరూ అలాగే చేస్తున్నారు మామూ. చేరాక పని శ్రద్ధగా చేస్తే జీతం హలాలే కదా?" అన్నాడు. తీర్పు చెప్పవలసినవారు ఆలిములు. కాని ఆ కుర్చీ నిజం రాసిన మరొక పిల్లవాడిదని మాత్రం అన్నాము. తనకు లేనిదానిని ఉన్నట్లు చూపుకునేవాడిని అబద్ధపు వస్త్రాలు రెండు ధరించినవాడితో దైవప్రవక్త (సఅసం) పోల్చిన హదీసును గుర్తుచేశాము. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) రాజును కొలువు అడిగినప్పుడు తన అర్హతలను తానే చెప్పుకున్నారు. అర్హతలు చెప్పుకోవడంలో బిడియం అక్కరలేదు, అవి ఉన్నవైతే చాలు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని అతని బయోడేటాను తిరగరాశాము. ఖాళీ రెండేళ్ళను ఖాళీగానే ఉంచాము. ఆ కాలంలో తండ్రి దుకాణం లెక్కలు చూసినది చేర్చాము. పద్దెనిమిది చోట్ల నుంచి జవాబే రాలేదు. చివరికి పంజాగుట్టలోని ఒక చిన్న సంస్థ శిక్షణార్థిగా తీసుకున్నది. ఇచ్చే సొమ్ము గది అద్దెకు, భోజనానికి సరిపోతుంది.

వారి వీధిలోనే మరొక అబ్బాయి అలాంటి కాగితాలతోనే చేరి, మూడింతల జీతం ఇంటికి పంపుతున్నాడట. ఈద్ నమాజు తరువాత దూల్హాభాయ్ మమ్మల్ని ఆలింగనం చేసుకున్నారు, సేమియా తినిపించారు. కొడుకు ఉద్యోగం మాట మాత్రం ఎత్తలేదు.