తాళం వేసిన గది

విశాఖపట్నం నుండి అరకు లోయ మీదుగా కిరండూలు వరకు సాగే రైలు మార్గం బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి ఏర్పడినది. ఆ దారినే తెలుగువారనేకులు ఉద్యోగార్థమై బస్తరు చేరారు. వారిలో మేమూ ఉన్నాము.

1999లో, బస్తరు ఇంకా మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న రోజులలో, మేము పనిచేసిన గని స్టోర్సులో ఆరు కంప్యూటర్లను కేబులుతో కలిపి సామగ్రి నిల్వల లెక్కను ఆక్సెస్ 97లో అమర్చాము. మొదట అందరూ సర్వరులోని ఒకే ఫైలును తెరిచేవారు. పని మధ్యలో కరెంటు పోతే ఆ ఫైలు పాడయ్యేది. అందుచేత దానిని రెండుగా విడదీశాము. లెక్కల పట్టికలు సర్వరులో ఉండిపోయాయి; ఫారములు, రిపోర్టులు ఎవరి కంప్యూటరులో వారికి చేరాయి. ఆ బాధ తీరింది గాని మరొకటి మొదలైంది. ఫారములో ఏ చిన్న మార్పు చేసినా, ఆరు గదులూ తిరిగి కొత్త ఫైలు పెట్టవలసి వచ్చేది.

ఆ ఏటి దసరా రోజులలో లావాదేవీల సంకేతాలను సవరించాము. అంతవరకు 3 అంటే వేరొక స్టోర్సుకు పంపిన సామాను. ఇకమీదట 3 అంటే వర్క్‌షాపు నుండి తిరిగి వచ్చిన సామాను. పాత నమోదులన్నీ మార్చి, అయిదు గదులలో కొత్త ఫైలు పెట్టాము. ఆరవ గదికి తాళం వేసి ఉన్నది. అక్కడి స్టోర్‌కీపరు దంతేశ్వరీ దేవి ఉత్సవానికి జగదల్‌పూర్ వెళ్లాడు. బస్తరు దసరా 75 దినాల పండుగ. అక్కడివారికి దానిని మించినది లేదు. తరువాత చూద్దామనుకున్నాము. మరచిపోయాము.

కొన్ని నెలలకు నిల్వల తనిఖీలో కన్వేయరు రోలర్లు 24 తక్కువగా తేలాయి. పదవీ విరమణకు రెండు నెలలున్న ఆ పెద్దాయనకు సంజాయిషీ నోటీసు అందింది. లెక్క తేలనిదే ఆయనకు రావలసిన సొమ్ము చేతికందదు. కంప్యూటరు అబద్ధమాడదని నలుగురిలో అన్నది మేమే.

మరునాడాయన బిన్ కార్డు తెచ్చి మా బల్లమీద పెట్టాడు. హల్బీ కలిసిన హిందీలో ఆయన అన్నది ఇది: "సాబ్, నేను పై స్టోర్సుకు పంపినవి పన్నెండు. పోయినవని మీరంటున్నవి ఇరవైనాలుగు. దొంగయినా సరిగ్గా రెట్టింపు లెక్కపెట్టి ఎత్తుకుపోతాడా?"

మాకు చెమటలు పట్టాయి. ఆయన గదిలోని పాత ఫారము, పంపిన సామానును 3గానే వ్రాస్తూ వచ్చింది. కొత్త రిపోర్టు దానిని తిరిగి వచ్చినదిగా కలుపుకున్నది. పన్నెండు తగ్గవలసిన చోట పన్నెండు పెరిగింది. తేడా ఇరవైనాలుగు!

ఆ సాయంత్రమే పొరపాటు మాదని వ్రాసి అధికారులకిచ్చాము. నోటీసు రద్దయింది. క్షమాపణ కోరగా ఆయన నవ్వి, "తాళంచెవి పక్క గదిలోనే ఇచ్చి వెళ్లాను సాబ్" అన్నాడు. ఆ మాట నోటీసు కంటె బరువుగా తోచింది.

పిదప సర్వరులో ఒక చిన్న పట్టిక చేర్చి అందులో తాజా రూపపు సంఖ్యను ఉంచాము. ఏ కంప్యూటరులో ఫారము తెరిచినా ముందు ఆ సంఖ్యతో పోల్చుకుంటుంది. పాతదైతే పని సాగనివ్వక, కొత్త ఫైలును సర్వరు నుండి తెచ్చుకుంటుంది. ఒకసారి వాడిన సంకేతానికి మరొక అర్థమివ్వరాదన్న నియమమూ పెట్టుకున్నాము.

నేడు బ్రౌజరు ద్వారా నడిచే వ్యవస్థలలో సర్వరు వద్ద చేసిన మార్పు అందరికీ చేరుతుంది. అయినా యువ సహోద్యోగులకు మా మనవి ఒకటున్నది. లెక్కకూ మనిషి మాటకూ పొత్తు కుదరనప్పుడు, మనిషిని అనుమానించే ముందు, మనం తాళం చూసి వెనుదిరిగిన గది ఏదైనా ఉన్నదేమో గుర్తు చేసుకోండి.