పొలం తెలిసిన అప్పు

"ముల్కనూరు పోతున్నవ్ గదా, మా బామ్మర్దిని కలువు. సొసైటీల చేసి రిటైరయిండు" అని పెద్దనాన్న చెప్పకపోతే గోదాములు, రైసు మిల్లు, విత్తనాల యూనిట్ చూసుకుని వచ్చేసేదాన్ని. అవి చూడదగినవే. కానీ ఆ మధ్యాహ్నమంతా నా చూపు మామ చేతుల మీదే ఉండిపోయింది.

ఏళ్ల తరబడి పంట అప్పుల కాగితాలు రాసిన చేతులవి. గోళ్ల సందుల్లో ఇంకా తడి మట్టి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనూ తెల్లారగట్ల పొలం, ఆ తర్వాతే ఆఫీసు. కల్లంలో ఆరబోసిన యాసంగి వడ్లు గుప్పెడు తీసి అరచేతుల్లో రుద్దాడు, తాలు ఊదేశాడు, ఒక గింజను పంటికింద పెట్టాడు. గింజ కటుక్కుమనలేదు, కొంచెం నలిగి విరిగింది. "మిల్లుకైతే ఇప్పుడే పంపొచ్చు కోడలా, 17 శాతం తేమ దాక తీసుకుంటరు. ఇవి విత్తనం వడ్లు. 13 దాటొద్దు. ఇంకొక్క ఎండ గావాలె." కల్లంలోని కుర్రాడు తేమ కొలిచే మిషన్ పెట్టి చూస్తే 14 చూపించింది.

అప్పు మంజూరు చేసే మనిషికి గింజ తేమ చెప్పే ఇలాంటి పన్ను ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి మామ పనిచేసిన ఈ ముల్కనూరు సహకార సంఘాన్ని మొదలుపెట్టినప్పటి నుంచి ఇక్కడి పద్ధతి అదే. అప్పు ఇచ్చి ఊరుకోరు. విత్తనం, ఎరువు అందిస్తారు, పండిన వడ్లు కొంటారు, బాకీ అందులోనే సర్దుకుంటారు. పంట దెబ్బతింటే సంఘానికీ నష్టమే, అందుకే సంఘం మనిషి గట్టు మీదికి వస్తాడు.

బయట జరిగింది వేరు. వరి చేతికి రావడానికి నాలుగు నెలలు పడుతుంది, మైక్రోఫైనాన్స్ వాళ్ల కిస్తీ వారం వారం వచ్చేది. వరుస ఆత్మహత్యల తర్వాత 2010లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి దాన్ని నెలవారీ చెయ్యాల్సి వచ్చింది. నెలనెలా పండే పంట మాత్రం ఏముంది? బ్యాంకులు వ్యవసాయం చదివిన పిల్లలను ఫీల్డ్ ఆఫీసర్లుగా తీసుకుంటాయి, తీరా వాళ్లను టార్గెట్ల కాగితాల ముందు కూర్చోబెడతాయి. వాళ్లకు ఊరు అలవాటయ్యేసరికి బదిలీ. ఇది నాకు కోపం తెప్పించే విషయం. చదువు ఉంది, ఇష్టమూ ఉంది, ఆ రెంటినీ పొలం దాకా వెళ్లనివ్వరు.

మేం మాట్లాడుతుండగా పక్క చేను కౌలుకు చేస్తున్న ఆమె వచ్చింది. "పాస్‌బుక్కు పటేల్‌ది, పంట నాది. నాకెవలిస్తరే అన్నా అప్పు?" కౌలుదార్లకు రుణ అర్హత కార్డులివ్వాలని 2011లోనే చట్టం వచ్చింది. ఆమె చేతిలో మాత్రం ఏ కార్డూ లేదు. మిత్తికి తెచ్చిన అప్పుతోనే నాట్లు వేసింది.

మామ జేబులోంచి కాగితం తీశాడు. పేరు అడగలేదు. ఏం వరి, ఎప్పుడు నాటినవ్, కోత ఎప్పుడు అని అడిగి, ఆ తారీఖే ముందు రాసుకున్నాడు. "నీ అసోంటి కౌలుదార్లను ఇంకో నలుగురిని పట్టుకరా చెల్లె. గ్రూపు కట్టి బ్యాంకుకు పోదాం. వాయిదా కోతలైనంకనే పెట్టమందాం, నేనొచ్చి మాట్లాడుత" అన్నాడు. ఆమె అక్కడే నిలబడి, ఎవరెవరు వస్తారో పేర్లు చెప్పడం మొదలుపెట్టింది.