మంచం పక్క బడి

ఫ్యాక్టరీల మోత ఎప్పుడు తగ్గుతుందో చూసుకొని మా ఇంట్లో పాఠాల వేళలు పెట్టుకోవాల్సి వచ్చింది. బేతంచెర్లలో ఉండేవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మా సందు వెనకనే బండలు కోసే మిషన్లు, వాటి అవతల పాలిష్ పట్టేవి. పని వేళల్లో కరెంటు ఉన్నంతసేపూ ఆగవు. పడుకున్న పిల్లకు చెవి దగ్గర నోరు పెట్టి చదివి వినిపించాలి. 2023 మే నెలలో, రెండో ఏడాది ఇంటి చదువుకు ఇల్లు సర్దుకునేటప్పుడు, ముందుగా ఆ మోత ఏ వేళకు మొదలై ఏ వేళకు ఆగుతుందో నోటుబుక్కులో రాసుకున్నాను.

మొదటి ఏడాది ఎట్లా గడిచిందో చెప్పకుంటే ఈ సర్దుడు ఎందుకో అర్థం కాదు.

మా పాప ఆరో తరగతిలో ఉండగా, 2022 జనవరిలో, నడుం నొప్పి అనింది. పుస్తకాల బరువు అనుకున్నాం. ఊళ్లో చూపిస్తే సూది వేసి, నొప్పి మాత్రలిచ్చి పంపేవాళ్లు. రెండ్రోజులు తగ్గేది, మళ్లీ వచ్చేది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, రాత్రి దిండు తడిసేది. ఏప్రిల్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు. ఫ్యాక్టరీ మూతపడిన రోజున మా ఆయనకు కూలి లేదు. కర్నూలు పోవడానికి డబ్బు కూడబెట్టుకుంటూ ఉండగానే ఒకరోజు పిల్ల చేతిలోని పెన్సిల్ కింద పడింది. దాన్ని వంగి తీసుకోలేదు. నడుం కర్రలాగా నిలిపి, మోకాళ్లు మడిచి కూర్చొని, పెన్సిల్ అందుకొని, తొడ మీద చెయ్యి ఆనించుకొని లేచింది. ఆ లేవడం చూసి మా ఆయన మాట్లాడకుండా అప్పు కోసం బయటికి పోయాడు.

కర్నూలు సర్వజన వైద్యశాలలో స్కానింగ్ తీసి, సూదితో చీము లాగి పరీక్షకు పంపి, వెన్నెముకకు టీబీ అన్నారు. టీబీ అంటే దగ్గు, ఊపిరితిత్తులు అనే నాకు తెలుసు. ఎముకకూ వస్తుందని, ఊపిరితిత్తుల్లో లేకుండా ఎముకలోనే ఉన్నది పక్కవాళ్లకు అంటదని డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు ఏడాదికి తక్కువ కాకుండా వాడాలి. మొదట్లో చదునైన మంచం మీద పడుకోవాలి, లేస్తే నడుముకు బెల్టు ఉండాలి. మాత్రలు ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది. తిండికని నెలకు 500 రూపాయలు బ్యాంకులో పడేవి. గుడ్లు, చెనిక్కాయలు వాటితోనే.

ఆ ఏడు బడులు జూలై 5న తెరిచారు. పిల్ల చదివే ప్రైవేటు బడికి పోయి, పాప కొన్ని నెలలు రావడానికి వీల్లేదు, ఇంటికి పాఠాలు పంపండి అని అడిగాను. జబ్బు పేరు వినగానే కుర్చీ వెనక్కి జరిగింది. అంటదని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించినా, మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరమ్మా అన్నారు. పాత ఫీజు కట్టించుకొని టీసీ చేతిలో పెట్టారు. ఆ బడి పేరు ఇక్కడ నాకు అక్కర్లేదు. ప్రభుత్వ హైస్కూలులో చేర్చుకున్నారు. నయమయ్యాక పంపండి, పేరు రిజిస్టరులో ఉంటుంది, ఎనిమిది దాకా ఎవరినీ ఆపరు అన్నారు. పుస్తకాలు, బ్యాగు, బూట్లు ఇచ్చి పంపారు. కానీ ప్రభుత్వం అప్పట్లో తల్లులకు వేసే అమ్మ ఒడి డబ్బుకు 75 శాతం హాజరు కావాల్సి ఉండేది. మా పెద్దోడు అప్పటికే ఐటీఐలో ఉన్నాడు కాబట్టి వాడి పేరు మీద రాదు. పాప హాజరు సున్నా. తిండికని వచ్చేది నెలకు ఐదు నూర్లు, పోయింది పదమూడు వేలు.

బయటివాళ్ల మాటలకన్నా మా అత్త మాట ఎక్కువ నొప్పించింది. "ఏం మే, ఆడపిల్లను బడి మానిపిస్తివా" అనింది. నేను మానిపించలేదత్తా, జబ్బు మానిపించింది అంటే వినదు. ఆమెది చాగలమర్రి దగ్గర ముత్యాలపాడు దిక్కు. ఎస్‌పీజీ అనే క్రైస్తవ మిషన్ వాళ్లు పందొమ్మిదో శతాబ్దంలో మకాం పెట్టిన ఊరు. వాళ్ల తాత కాలంలో పేటలో ఒకటే కొట్టమట. వారమంతా అందులో అక్షరాలు, ఆదివారం అందులోనే ఆరాధన. ఊరి బడిలో గడప బయట కూర్చోబెట్టిన కులం మాది. మా వాళ్లకు దేవుడూ పలకా ఒకే తలుపులోంచి వచ్చాయి. ఆమె నాన్న ఆ పలక మీద నేర్చుకొని నంద్యాలలో ట్రైనింగ్ అయ్యి టీచరైనాడు. పిల్ల ఇంట్లో కూర్చుందంటే ఆమెకు మూడు తరాలు వెనక్కి పోయినట్టు అనిపించింది. (1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడితే నంద్యాల ప్రాంతం చేరనని భీష్మించి 1975లో గానీ చేరలేదు. ఆ మొండితనం మా అత్తకు బాగానే అబ్బింది.)

హైదరాబాదులో మాకు వరసైన ఒకామె తన పిల్లలిద్దరినీ బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తుంది. ఆమె వాడే పుస్తకాలు అమెరికాలో టెక్సాస్‌లో 1970లో మొదలైన ఏసీఈ అనే పద్ధతివి. లెక్కల్లో, సైన్సులో, అన్నింటిలో బైబిలు వాక్యం ఉంటుంది, పిల్ల తనంతట తాను చదువుకుంటూ పోతుంది. ఫోను చేసినప్పుడల్లా, దేవుడు నీకు తలుపు తెరిచాడు వదినా, పేరు కొట్టించేసి పూర్తిగా ఇంటి చదువే పెట్టు, లోకపు బడి మళ్లీ ఎందుకు అనేది. ఆమె మంచి మనసుతోనే చెప్పింది. ఇంటి చదువుకు ఒక పద్ధతి ఉందని నాకు తెలిసింది ఆమె వల్లనే. కానీ ఆ పుస్తకాల ఖరీదు సంగతి అటుంచి, ఆ ఆలోచనే మాకు సరిపోదు. వాళ్లు బడి నుంచి పిల్లల్ని కాపాడుకోవాలనుకుంటారు. మేము బడిలోకి పోవడానికే క్రైస్తవులైన వాళ్ల మనవరాళ్లం. నేను ఇంట్లో ప్రార్థనతో పాఠం మొదలుపెట్టానంటే, పిల్ల మళ్లీ ఆ గేటులోకి నడిచేదాకా చదువు చెయ్యి జారిపోకూడదని. ఒకవేళ నడవలేకపోతే ఏమిటని కూడా అడిగి పెట్టుకున్నాను. 14 నిండితే ఓపెన్ స్కూలులో నేరుగా పది కట్టొచ్చని తెలిసింది. ఆ దారి ఉందని తెలిసిన రాత్రి కొంచెం నిద్ర పట్టింది.

మొదటి ఏడాది చదువు సరిగా సాగలేదు. మాత్రలు పరగడుపున మింగితే కడుపులో తిప్పేది, వాంతి అయ్యేది. మూత్రం ఎర్రగా వస్తే రక్తమని పిల్ల ఏడ్చింది. మందు రంగు అని తెలిసేదాకా నేనూ వణికాను. పది దాటితే గానీ ఆమె కళ్లు తెరిచి నన్ను చూసేది కాదు, అప్పటికి మిషన్లు మొదలయ్యేవి. నేను ఇంటర్ వరకు చదివాను. సండే స్కూలులో దావీదు, గొల్యాతు కథ చెప్పడం వచ్చు గానీ రుణ సంఖ్యల గుణకారం ఎట్లా చెప్పాలి? గోడ వైపు తిరిగి పడుకొనేది. "నువ్వు టీచర్ కాదు మా, అమ్మవే ఉండు" అనింది ఒకసారి. ఆ తర్వాత చాలాసేపు వంటింట్లోంచి బయటికి రాలేదు నేను.

2023 ఏప్రిల్‌లో మళ్లీ స్కాన్ తీస్తే చీము పూర్తిగా ఆరలేదు. ఇంకో ఆరు నెలలు మాత్రలు. బెల్టు పెట్టుకొని ఇంట్లో కాసేపు కూర్చోవచ్చు గానీ బ్యాగు, బస్సు, బడి బెంచి వద్దు. పిల్ల జూన్ కోసం బూట్లు తుడిచి పెట్టుకొని ఉంది. నంద్యాలలో బస్సు దిగి టీ తాగుతూ మా ఆయన, ఇంకో ఏడాది ఇంట్లోనే అయితే ఇల్లు బడి మాదిరి ఉండాల, ఆసుపత్రి మాదిరి వద్దు అన్నాడు. ఏడో తరగతి దాకా చదివిన మనిషి. ఆ మాట నాకు తట్టలేదు.

మేలో పని పట్టుకున్నాం. మాది బండల కప్పు. ఎండంతా తాగి రాత్రి వదులుతుంది. మిద్దె మీద జొన్న చొప్ప పరిచి రోజూ పొద్దున, సాయంత్రం తడిపాం. పిల్ల మంచాన్ని రేకుల గదిలోంచి నడిమింట్లోకి తెచ్చాం. నులక మంచం నడుముకు పనికిరాదు కాబట్టి చెక్క పలకలు కొట్టించిన మంచం మీద పలచని దూది పరుపు. ముందు ఆ గదిలో గోడ పొడుగునా మందు డబ్బాలు, ఎక్స్‌రే కవర్లు ఉండేవి. అన్నీ ట్రంకు పెట్టెలో వేసి తాళం పెట్టాను. మా ఆయన ఫ్యాక్టరీలో అంచు విరిగి అమ్మకానికి పనికిరాని నల్ల బండ ఒకటి అడిగి తెచ్చాడు. పాలిష్ పట్టని వైపు సుద్దముక్క చక్కగా రాస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి మంచం ఎదురుగా గోడకు ఆనించి, జారకుండా కింద సిమెంటు పెట్టారు. పెద్దోడు సెలవులకు వచ్చి చెక్కతో వాలు పీట చేశాడు, కడుపు మీద పెట్టుకుంటే పుస్తకం నిలబడుతుంది.

ఎనిమిదో తరగతి పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు. చాలామంది ఈ పుస్తకాలను తిట్టగా విన్నాను, లావని, బరువని. నాకు మాత్రం అవి లేకపోతే దిక్కు లేదు. కుడివైపు నేను చదువుకొని అర్థం చేసుకొని, ఎడమవైపు పిల్లతో చదివించేదాన్ని. లెక్కలు నా వల్ల కాదని మొదటి ఏడాదే తేలింది. మా సంఘం యూత్‌లో డిగ్రీ చదివే అబ్బాయి రాత్రి ఏడు గంటలకు వచ్చి చెప్తానన్నాడు. మోత ఆగే వేళ అది.

వేళలతోనే పెద్ద తగువు. నోటుబుక్కులో రాసుకున్న దాని ప్రకారం నిశ్శబ్దం ఉండేది తెల్లవారుజామున, మధ్యాహ్నం అన్నాల గంట, రాత్రి. ఆదివారమైతే రోజంతా. వారానికి ఒక్కటే పూర్తిగా దొరికే రోజు, అది ప్రభువు దినం. పాఠాలు పెడతానంటే అత్త ఒప్పుకోలేదు. నేనూ గట్టిగానే మాట్లాడాను. చివరికి ఆమే దారి చూపింది. ఆదివారం గుడి నుంచి వచ్చాక, పెద్దక్షరాల బైబిలు పిల్ల చేతికిచ్చి, నాకు కళ్లు సరిగా కనపడవు, రాజుల గ్రంథాలు చదివి వినిపించు అనింది. ఒత్తు తప్పితే మళ్లీ చదివిస్తుంది. పౌలు ప్రయాణాలు అట్లాసులో గీయిస్తుంది. అది పాఠం కాదట, వాక్యం. ఆ ఏడాది చివరికి పిల్ల తెలుగు చదివిన తీరు చూస్తే ఎవరు నిజమైన టీచరో నాకు అర్థమైంది.

స్వస్థత కూటాలకు పిలిచేవాళ్లు కూడా ఆ నెలలో ఎక్కువయ్యారు. ఒకాయన ఇంటికే వచ్చి, మాత్రలు ఆపి విశ్వాసంతో నిలబడండి, అవి మింగినంత కాలం అవిశ్వాసమే అన్నాడు. మధ్యలో ఆపితే టీబీ మందుకు లొంగకుండా తయారవుతుందని డాక్టరమ్మ చెప్పిన మాట నేను చెప్పేలోపే అత్త అందుకుంది. హిజ్కియా రాజుకు దేవుడు బతుకు పొడిగిస్తానని మాటిచ్చినాక కూడా యెషయా ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించలేదా నాయనా, ఆ ముద్ద ఎందుకు కట్టించినాడో చెప్పి పో అనింది. ఆయన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

జూన్ 12న బడులు తెరిచిన రోజే మేమూ మొదలుపెట్టాం. పొద్దున ప్రార్థన, మాత్ర, గంటన్నర ఖాళీ, ఆ తర్వాత పాఠం. బూట్లు వేసుకుంటానంటే వేసుకోమన్నాను, పడుకునే. సోషల్ చెప్తుండగా పాత రాతియుగం మాట వచ్చినప్పుడు మా ఆయన బిల్లసర్గం గుహలకు పోయి ఫోనులో ఫొటోలు తెచ్చాడు. మా ఊరికి దగ్గర్లోనే ఉన్నా మాలో ఎవరమూ అంతకుముందు సరిగా చూసింది లేదు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర అక్కడ తవ్వించి, ఎన్నో వేల ఏళ్ల కిందటి జంతువుల ఎముకలు బయటికి తీశాడని చెప్పాను. పిల్ల ఆ ఫొటోలు ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, "అన్నేండ్లు చెడిపోకుండా ఉన్నాయంటే వాటికి జబ్బు లేదా మా?" అనింది. జబ్బు వచ్చిన ఎముక కూడా నిలుస్తుంది, నయమైన చోట గుర్తు ఉంటుంది అన్నాను. అది నిజమో కాదో వచ్చేసారి కర్నూలు పోయినప్పుడు డాక్టరమ్మనే అడిగింది. నిజమేనంది.

మందులు ఆ చలికాలంలో ఆపారు. 2024 జూన్‌లో తొమ్మిదో తరగతికి నడిచి పోయింది, బ్యాగు వాళ్ల నాన్న మోశాడు. బెంచి మీద రెండు గంటలకు మించి కూర్చోలేదని టీచర్లకు ముందే చెప్పాం, వెనక వరసలో నిలబడి వినొచ్చన్నారు. తెలుగులో క్లాసు ముందు నిలబెట్టి చదివిస్తున్నారు. లెక్కల్లో బాగా వెనకబడి ఉంది. ఆ యూత్ అబ్బాయికి ఉద్యోగం వచ్చి బెంగళూరు పోయాడు, ట్యూషన్‌కు ఇంకెవరినైనా వెతకాలి.